బంతి నీ దగ్గర పెట్టుకోకు



ఈ సాయంత్రం మీకు ఒక మాస్టారి సంగతి చెప్తాను. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఊరు హైదరాబాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో కాలేజీ జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. చదువైపోయాక బడిలో పంతులయ్యారు. ఆ తర్వాత భారత జట్టుకు కోచ్ అయ్యారు. ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారు పతకం మన దేశానికి రెండే రెండుసార్లు వచ్చింది. 1951లో ఒకసారి, 1962లో ఒకసారి. ఆ రెండుసార్లూ జట్టును నడిపించిన కోచ్ ఈయనే.

ఆదోనిలో, ఎమ్మిగనూరులో రేడియో వింటున్నవాళ్ళకు హైదరాబాదు ఫుట్‌బాల్‌తో ఏం పని అని మీరు అడగొచ్చు. అడగాల్సిందే. మన ఊళ్ళల్లో సాయంత్రమైతే పిల్లలు క్రికెట్టు ఆడతారు. పల్లెల్లో కబడ్డీ, వాలీబాల్. ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు తక్కువే. కానీ రహీం మాస్టారు కనిపెట్టిన ఒక పద్ధతి ఉంది. దానికి ఖర్చు లేదు. మంచి మైదానం అక్కర్లేదు. బూట్లు కూడా అక్కర్లేదు. ఒక్క బంతి, ఒక్క నియమం. అంతే.

ఆ నియమం ఇది. బంతి నీ దగ్గర పెట్టుకోకు. ఆపు, ఇవ్వు, కదులు.

మళ్ళీ చెప్తున్నా. ఆపు, ఇవ్వు, కదులు. ఈ మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. ఈ నియమం ఎట్లా పుట్టిందో ముందు చెప్తాను. మన పిల్లల చేత ఎట్లా ఆడించాలో తర్వాత చెప్తాను.

రహీం 1909 ఆగస్టు 17న పుట్టారు. ఆయన కాలేజీలో ఆడిన కాలానికి మన ఆదోని ఏ రాజ్యంలో ఉందో తెలుసా? మద్రాసు ప్రెసిడెన్సీలో, బళ్ళారి జిల్లాలో. మంత్రాలయం దగ్గర తుంగభద్ర దాటితే అవతలి గట్టు నిజాం రాజ్యం. ఈ గట్టున ఇంగ్లీషువాళ్ళ పాలన, ఆ గట్టున నిజాం పాలన. అంతకుముందు ఆదోని కూడా నిజాముదే. 1800లో ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చేశాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు గానీ ఆదోని బళ్ళారిని విడిచి ఇటు రాలేదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. అప్పట్లో అక్కడ పాఠాలన్నీ ఉర్దూలోనే. సైన్సు కూడా ఉర్దూలోనే. ఆట మాత్రం ఇంగ్లీషువాళ్ళది. సికిందరాబాదు కంటోన్మెంటులో ఇంగ్లీషు పటాలాలు ఉండేవి. వాళ్ళు ఆడుతుంటే చూసి ఊళ్ళో కుర్రాళ్ళు నేర్చుకున్నారు. రహీం విశ్వవిద్యాలయం జట్టుకు ఆడారు. తర్వాత ‘ఎలెవన్ హంటర్స్’ అనే జట్టుకు ఆడారు. కాలేజీలో చదువుతున్నవాళ్ళు, చదివి వెళ్ళినవాళ్ళు కలిసి పెట్టుకున్న జట్టది. ఆయన మంచి ఆటగాడు. కానీ దేశం తరఫున ఆడిన మనిషి కాదు. ఆయన పేరు నిలబడింది ఆడినందుకు కాదు, ఆడించినందుకు.

కాలేజీలో ఆడిన కుర్రాళ్ళకు డిగ్రీ చేతికొస్తే ఆట అక్కడితో సరి. ఉద్యోగం, పెళ్ళి, సంసారం. నాగా కొండల నుంచి వచ్చిన తాలిమెరెన్ ఆవ్ అని ఒకాయన ఉండేవారు. కలకత్తాలో వైద్యం చదువుతూ మోహన్ బగాన్‌కు ఆడారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత జట్టుకు కెప్టెన్. ఆయన ఎంబీబీఎస్ పూర్తిచేసుకుని, తన జనానికి వైద్యం చేయడానికి తిరిగి వెళ్ళిపోయారు. అదొక దారి. మంచి దారే. రహీం గారిది ఇంకో దారి. ఆయన ఆటనే పాఠం చేసుకున్నారు.

బీఏ అయ్యాక ఆయన కాచిగూడ మిడిల్ స్కూల్లో టీచరుగా చేశారు. తర్వాత ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారు. మన పెద్దవాళ్ళు డ్రిల్లు మాస్టరు అనేవారే, ఆ పని కూడా భుజాన వేసుకున్నారు. 2024లో ఆయన మీద ‘మైదాన్’ అని హిందీ సినిమా వచ్చింది. మీలో కొందరు చూసే ఉంటారు. సినిమా అన్నాక పెద్ద స్టేడియాలు, పెద్ద మ్యాచ్‌లు కావాలి కదా. నాకు మాత్రం ఆయన జీవితంలో ఆ బడి సంవత్సరాలే ముఖ్యమనిపిస్తాయి. క్లాసులో నలభై మంది పిల్లలుంటే ముందు బెంచీవాడొక్కడికే పాఠం చెప్పి పంతులు వెళ్ళిపోకూడదు. జట్టును కూడా ఆయన అట్లాగే చూశారు.

1943లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ బాధ్యత ఆయనదే. అప్పటి కుర్రాళ్ళకు ఒక పిచ్చి ఉండేది. ఇప్పటికీ ఉంది. బంతి కాళ్ళ దగ్గరికి రాగానే తల దించుకుని, ఎదురొచ్చిన వాళ్ళందరినీ తప్పించుకుంటూ ఒక్కడే పోవాలి. దీన్నే డ్రిబ్లింగ్ అంటారు. చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు, ఈలలు వేస్తారు. ఒకణ్ణి దాటతాడు, ఇద్దరిని దాటతాడు. మూడోవాడి దగ్గర బంతి పోతుంది. పక్కన ఖాళీగా నిలబడ్డ నలుగురు స్నేహితులు చేతులూపుతూనే ఉంటారు. వీడికి కనపడరు. తల దించుకున్నాడు కదా!

అప్పటి పటాలం జట్లలో ఆడేది గట్టి సోల్జర్లు. ఎత్తు, బరువు, కాళ్ళకు బూట్లు. మనవాళ్ళు సన్నగా ఉండేవాళ్ళు. చాలామంది ఒట్టికాళ్ళతో ఆడేవాళ్ళు. అట్లాంటివాడి ముందు బంతి కాలి దగ్గర పెట్టుకుని నిలబడితే ఏమవుతుంది? ఒక్క తోపుకు కిందపడతాం. అదే బంతి ముందే స్నేహితుడికి పోయిందనుకోండి, వాడు వచ్చి గుద్దుకునేది గాలినే.

అందుకని రహీం గారు ఒక పని చేశారు. డ్రిబ్లింగ్ చేయకూడదు అనే షరతుతో పోటీలు పెట్టారు. బంతి వస్తే వెంటనే ఇంకొకరికి ఇవ్వాల్సిందే. ఇంకో రకం పోటీ కూడా పెట్టారు. ఏ కాలు చేతకాదో ఆ కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం వాడు ఎడమకాలితో తన్నాలి. ఎడమకాలి వాటం వాడు కుడికాలితో. ఎవరి పని ఎంతో అక్కడ తేలిపోయేది.

దీన్ని ఎమ్మిగనూరు వాళ్ళకు ఎక్కువ విడమరచి చెప్పక్కర్లేదు. మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. గుంట మగ్గం మీద కూర్చున్న మనిషిని చూడండి. కుడిచేత్తో పిడి లాగుతాడు. నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు పోతుంది. ఎడమచేత్తో అచ్చు గుద్దుతాడు. కాళ్ళు కింద చెక్కల్ని మార్చి మార్చి తొక్కుతాయి. నాడె మళ్ళీ ఈ అంచుకు వస్తుంది. నాడె మధ్యలో ఆగిపోతే గుడ్డ ముందుకు పడదు. కండెలో నూలు ఎంతున్నా లాభం లేదు. అటూ ఇటూ పోతుంటేనే నేత. ఒక్క చేయి, ఒక్క కాలు పనిచేస్తే చాలదు. రెండు చేతులూ పనిచేయాలి, రెండు కాళ్ళూ పనిచేయాలి. రహీం మాస్టారు తన జట్టులో బంతిని ఆ నాడెలాగే తిప్పించారు.

గుర్తుంది కదా. ఆపు, ఇవ్వు, కదులు.

ఇక ఈ పద్ధతి ఎంతదూరం పోయిందో వినండి. 1950లో ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు కోచ్ అయ్యారు. బొంబాయిలో రోవర్స్ కప్ అని పెద్ద పోటీ. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు ఆ కప్పు సిటీ పోలీసుదే. మధ్యలో 1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు. ఫైనల్లో ఇరాన్ మీద ఒక్క గోలు తేడాతో మనవాళ్ళు గెలిచారు.

తర్వాతి ఏడాదే దెబ్బ తగిలింది. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండానే దిగారు. అది చలిదేశం. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయాం. పది గోల్సు! ఆ తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్ళు తిరిగాయి. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్. కోచ్ ఆయనే. ఆస్ట్రేలియా వాళ్ళను వాళ్ళ సొంతగడ్డ మీదే 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరాం. ఆసియా నుంచి ఏ దేశమూ అంతకుముందు ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అక్కడిదాకా పోలేదు. చివరికి నాలుగో స్థానం వచ్చింది. ఇప్పుడు మన పిల్లలకు ఇది చెప్తే నమ్మరు. సెమీఫైనల్లో యుగోస్లావియా మళ్ళీ ఎదురైంది, మళ్ళీ ఓడించింది. కానీ ఈసారి 4-1. మొదటి గోలు కొట్టింది కూడా మనవాళ్ళే.

ఆ జట్టులో తులసీదాస్ బలరాం ఉన్నారు. సికిందరాబాదు దగ్గర అమ్ముగూడ కుర్రాడు. పేద ఇల్లు. పోలీసులు వాడి పడేసిన బూట్లను చెప్పులు కుట్టేవాడి చేత బాగుచేయించుకుని ఆడేవాడని చెప్తారు. రహీం గారు అతని ఆట చూసి హైదరాబాదు జట్టు ప్రాక్టీసుకు రమ్మన్నారు. రోజూ అమ్ముగూడ నుంచి రావడానికి చార్జీలు లేవన్నాడట. రహీం గారు సైకిలు ఏర్పాటు చేశారట. ఆ కుర్రాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్సు కొట్టాడు. ఈ సైకిలు సంగతి మన బళ్ళలో వ్యాయామం చెప్పే సార్లు, మేడంలు వినాలని చెప్తున్నా. ప్రాక్టీసుకు రాని పిల్లోణ్ణి తిట్టే ముందు, ఎందుకు రావడంలేదో ఒకసారి అడిగి చూడండి. మన దగ్గర చాలాసార్లు అది బస్సు చార్జీ సంగతే అయ్యుంటుంది.

1962, జకార్తా. ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. రెండో మ్యాచ్ థాయిలాండ్ మీద గెలిచాం గానీ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలింది. కుట్లు పడ్డాయి. ఆయన వెనక నిలబడి గోలు కాచే డిఫెండరు. బంతి గాల్లో వస్తే తలతో కొట్టి పంపడమే ఆయన పని. తల మీద కుట్లున్న మనిషిని వెనక ఎట్లా నిలబెడతారు? మరొకరైతే పక్కన కూర్చోబెట్టేవారు. రహీం గారు ముందుకు పంపారు. గోలు కొట్టే స్థానంలో ఆడమన్నారు. సెమీఫైనల్లో జర్నైల్ గోలు కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్. మళ్ళీ దక్షిణ కొరియానే. స్టేడియం నిండా జనం. జనమంతా మనకు వ్యతిరేకం. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను ఆ క్రీడలకు రానివ్వలేదని మన అధికారి ఒకాయన అభ్యంతరం చెప్పారు. దాంతో అక్కడివాళ్ళకు మన మీద కోపం. ఆ గోలలోనే పి.కె. బెనర్జీ మొదటి గోలు కొట్టారు. కాసేపటికే జర్నైల్ రెండోది కొట్టాడు. 2-1తో గెలిచాం.

అప్పటికే రహీం గారికి ఊపిరితిత్తుల జబ్బు. క్యాన్సరు. 1963 జూన్ 11న పోయారు. ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఫుట్‌బాల్ ఆడారు. 1960 ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. తర్వాత అంతర్జాతీయ రెఫరీ అయ్యారు.

సరే. ఇక మన నల్లరేగడి మీదికి వద్దాం.

మన మైదానాల సంగతి మీకు తెలిసిందే. వాన పడితే మట్టి కాళ్ళకు పట్టుకుని వదలదు. ఎండాకాలం నెర్రెలిస్తుంది. అక్కడ పదకొండు మంది చొప్పున రెండు జట్లు పెట్టి పూర్తి మ్యాచ్ ఆడించాలని చూడకండి. పదకొండు మంది దొరకరు కూడా. కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం వైపు బళ్ళల్లో పనిచేసే సార్లకు ఇది బాగా తెలుసు. సుగ్గి మొదలైతే ఇంటిల్లిపాదీ మిరపకాయలు తెంపడానికి గుంటూరు వైపు పోతారు. క్లాసులో బెంచీలు ఖాళీ అవుతాయి. నిన్నటి గోల్‌కీపరు ఈరోజు ఉండడు.

అందుకే ఐదుగురు, ఐదుగురు. నలుగురైనా సరే. మైదానంలో రాళ్ళు లేని చోటు చూసుకోండి. ఒక ముప్పై అంగలు పొడవు, ఇరవై అంగలు వెడల్పు. నాలుగు మూలలా సున్నం చల్లండి. గోలు పోస్టుల జాగాలో నాలుగు చెప్పులు పెట్టండి.

మొదటి వారం నియమం ఒక్కటే. ఎవరైనా బంతిని రెండేసార్లు తాకాలి. ఒకసారి ఆపడానికి. ఒకసారి ఇవ్వడానికి. మూడోసారి తాకితే బంతి అవతలి జట్టుకు పోతుంది. అంతే. ఇంకేం చెప్పకండి. పిల్లలకు ఎక్కువ నియమాలు చెప్తే ఒక్కటీ చేయరు.

మొదటి రోజు ఏం జరుగుతుందో నేనే చెప్తా. గోలగోలగా ఉంటుంది. బాగా ఆడే పిల్లోడికే ముందు కోపమొస్తుంది.

“సార్, నా ముందర ఎవురూ ల్యాకపాయ! నేనే కొట్టేసేవాణ్ణి గదా సార్.”

“మూడుసార్లు తాకినావు రా. బంతి వాళ్ళకు ఇయ్యి.”

“ఈ ఆట బాగలేదు సార్.”

బాగలేదనే అంటాడు. అననీయండి. రెండో రోజు, మూడో రోజు గమనించండి. బంతి తన దగ్గరికి రాకముందే వాడు తల ఎత్తి చుట్టూ చూస్తుంటాడు. ఎవరు ఖాళీగా ఉన్నారా అని. ఎందుకు చూస్తున్నాడు? బంతి వచ్చాక చూసేంత తీరిక లేదని వాడికే అర్థమైపోయింది. మనం నోటితో వందసార్లు చెప్పినా రాని అలవాటు, ఆ ఒక్క నియమంతో వస్తుంది. రహీం మాస్టారి తెలివంతా ఇక్కడుంది. ఆయన తల ఎత్తండి, తల ఎత్తండి అని అరవలేదు. తల ఎత్తకపోతే ఆడలేని ఆట పెట్టారు.

రెండో వారం మూడో మాట మీద దృష్టి పెట్టండి. కదులు. బంతి ఇచ్చేసినవాడు ఇచ్చిన చోటే నిలబడిపోతాడు. నా పని అయిపోయిందనుకుంటాడు. అది ఒప్పుకోకండి. ఇచ్చినవాడు వెంటనే ఖాళీ చోటుకు పరుగెత్తాలి. బంతి మళ్ళీ వాడికే రావచ్చు. ఇచ్చి నిలబడిపోతే, దాన్ని ఫౌల్ కింద లెక్కించండి. వారం రోజుల్లో కాళ్ళు వాటంతటవే కదులుతాయి.

మూడో వారం చేతకాని కాలు. రోజుకు పది నిమిషాలు చాలు. అంతకంటే ఎక్కువ వద్దు. నవ్వులాటగా ఉంటుంది. బంతి ఎటో పోతుంది, పిల్లలు కిందపడి నవ్వుతారు. అప్పుడే చూడండి, బాగా ఆడేవాడూ ఆడలేనివాడూ ఒక్కటైపోతారు. వెనక బెంచీలో ఎప్పుడూ నోరెత్తని పిల్ల కూడా ఈ పది నిమిషాల్లో ధైర్యంగా తంతుంది. ఆడపిల్లల్ని విడిగా కూర్చోబెట్టకండి. పక్కనే అనంతపురంలో ఆర్డీటీ వాళ్ళ స్పోర్ట్స్ విలేజ్‌లో పల్లెల ఆడపిల్లలు ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నారు. మనకేం తక్కువ?

ఇంట్లో వింటున్న అమ్మలకు, నాన్నలకు ఒక మాట. ఆటకు పోతే చదువు పోతుందని మీ భయం. రహీం గారు డిగ్రీ చేతబట్టుకునే కోచ్ అయ్యారు. బడిలో పాఠాలు చెప్పిన మనిషే దేశానికి జట్టును తయారుచేశారు. సాయంత్రం ఒక గంట వదలండి. దీపాలు పెట్టే వేళకు ఇంటికి పంపించే పూచీ బడి సార్లది.

సార్లకు, మేడంలకు ఇంకో చిన్న సంగతి. గోల్సు లెక్కపెట్టకండి. ఒక జట్టు బంతి పోకుండా వరసగా ఎన్నిసార్లు ఒకరికొకరు ఇచ్చుకున్నారో లెక్కపెట్టండి. పైకి వినపడేలా లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదు వస్తే ఒక మార్కు. చూస్తూ కూర్చున్న పిల్లలు కూడా మీతో గొంతు కలుపుతారు. ఎనిమిదో, తొమ్మిదో వచ్చిన రోజు ఆ అరుపులకు హెడ్మాస్టరు గారు బయటికొచ్చి చూస్తారు.

బంతికి గాలి మరీ గట్టిగా కొట్టకండి. ఒట్టికాళ్ళతో ఆడే పిల్లలకు గట్టి బంతి నొప్పి పుట్టిస్తుంది. గట్టినేల మీద అది ఎగిరెగిరి పోతుంది కూడా. బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోవాలి. అంత చాలు.

ఇంకొకటి. సుగ్గి నుంచి తిరిగొచ్చిన పిల్లోణ్ణి వచ్చిన రోజే ఆటలో చేర్చుకోండి. ఇన్ని నెలలు ప్రాక్టీసు లేదని గట్టు మీద కూర్చోబెట్టొద్దు. మూడు మాటలు వాడి చెవిలో వేయండి. ఆపు, ఇవ్వు, కదులు. ఎవరూ బంతి పట్టుకుని కూర్చోని ఆటలో, వాడి వంతు వాడికి వస్తుంది.